పదిహేను వేలలో కారు స్టీరియో బాగుచేసుకోవాలంటే ముందు ఏది మార్చాలి?

సురేష్ (గుంటూరు):
అందరికీ నమస్కారమండి. కారు 2013 స్విఫ్ట్ వీఎక్స్‌ఐ. కంపెనీ స్టీరియోనే ఉంది. యూఎస్‌బీ, ఆక్స్ పనిచేస్తున్నాయి, బ్లూటూత్ లేదు. వాల్యూమ్ సగం దాటితే గొంతు చీలినట్టు వస్తోంది, బేస్ అసలు లేదు. రోజూ గుంటూరు-విజయవాడ తిరుగుతాను. పదిహేను వేలు పెట్టగలను. షాపులో ఆ డబ్బుకే తొమ్మిది అంగుళాల ఆండ్రాయిడ్ స్క్రీన్, డిక్కీలో బేస్ ట్యూబ్ (గొట్టం ఆకారపు బేస్ స్పీకర్) వేస్తామంటున్నారు. వేయించుకోవచ్చా?

వలి (ఆటోనగర్, విజయవాడ):
వద్దండి సురేష్ గారూ. స్క్రీన్ మార్చినా పాట వచ్చేది ఆ పాత స్పీకర్లలోంచే. డబ్బా మీద 4×50 వాట్లు అని ఉంటుంది, అది నమ్మకండి. కారులో సప్లై ఇంజిన్ నడుస్తున్నప్పుడు 14.4 వోల్టులు. దాంతో 4 ఓమ్‌ల స్పీకర్‌కి చీలకుండా ఇవ్వగలిగింది లెక్క ప్రకారమే 26 వాట్లు దాటదు. లోపలి నష్టాలు తీసేస్తే ఛానెల్‌కి, అంటే ఒక్కో స్పీకర్‌కి, పదిహేను నుంచి ఇరవై. మీ కంపెనీ స్టీరియో కూడా అటూఇటూగా అంతే ఇస్తుంది. అంటే స్క్రీన్ కొన్నందువల్ల శబ్దంలో మీకు కలిసొచ్చేది దాదాపు ఏమీ లేదు.

డబ్బంతా ముందు రెండు డోర్లలో పెట్టండి. 6.5 అంగుళాల స్పీకర్లు తీసుకోండి. కొనేటప్పుడు ‘300 వాట్లు మ్యాక్స్’ అన్న అంకె వదిలేసి సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన పవర్‌కి ఎంత గట్టిగా మోగుతుందన్న అంకె, చూడండి. 90 డెసిబెల్స్ పైన ఉన్నవి ఎంచుకోండి. మూడు డెసిబెల్స్ తేడా అంటే ఆంప్లిఫయర్ పవర్ రెట్టింపు చేసినట్టే. 88 ఉన్న స్పీకర్ ఇరవై వాట్లకు ఎంత మోగుతుందో, 91 ఉన్నది పది వాట్లకే అంత మోగుతుంది. ఆంప్లిఫయర్ లేని కారుకి ఇంతకంటే ముఖ్యమైన అంకె లేదు.

సురేష్:
కాయాక్సియలా (ట్వీటర్ అనే సన్నని స్వరాల చిన్న స్పీకర్ పెద్దదానిలోనే ఉండేది), కాంపొనెంటా (రెండూ విడివిడిగా వచ్చేది)? వెనక డోర్లవి కూడా మార్చాలా?

వలి:
వెనకవి వదిలేయండి. కాయాక్సియల్ చాలు, జత మూడు వేల లోపు మంచివే దొరుకుతాయి.

కిరణ్ (తెనాలి):
వలి అన్నా, ఇక్కడ నా మాట వేరు. డోర్ కింద ఉన్న కాయాక్సియల్ ట్వీటర్ మోకాళ్ల వైపు పాడుతుంది. కాంపొనెంట్ అయితే ట్వీటర్‌ని అద్దం పక్క మూల ప్లాస్టిక్‌లో పెట్టుకోవచ్చు, గాయకుడి గొంతు డ్యాష్‌బోర్డు మీద నుంచి వస్తున్నట్టుంటుంది. ఇంకో రెండు వేలు దొరికితే అదే మేలు. ఒంటరిగా బిగించుకునేవారికి మాత్రం కాయాక్సియల్ సులువు, ఒప్పుకుంటాను.

మాధవి (విజయవాడ):
స్పీకర్ ఏదైనా సరే, డోర్ సంగతి చూడకపోతే సగం డబ్బు వృథా. స్పీకర్ కోన్ ముందుకొచ్చినప్పుడల్లా వెనక గాలి వ్యతిరేక దిశలో కదులుతుంది. లోపలి రేకులో చేయి దూరేంత రంధ్రాలుంటాయి కదా, వాటిగుండా ఆ గాలి ముందుకొచ్చి బేస్‌ని కొట్టేస్తుంది. ‘బేస్ అసలు లేదు’ అన్నదానికి పెద్ద కారణం ఇదే.

అల్యూమినియం రేకు అంటించిన 2 మిల్లీమీటర్ల బ్యూటైల్ (ఒక రకం రబ్బరు) షీట్ తీసుకోండి. రెండు డోర్లకు పది, పన్నెండు చదరపు అడుగులు సరిపోతుంది. చవకని తారు షీట్ మాత్రం వద్దు. మే నెలలో మన దగ్గర బయటే 44, 45 ఉంటే ఎండలో నిలబెట్టిన డోర్ రేకు ఎంత కాలుతుందో చేయి పెట్టి చూడండి. తారు మెత్తబడి కిందికి జారుతుంది, కారంతా వాసన.

పని మొదలుపెట్టేముందు 10 నంబర్ స్పానర్‌తో బ్యాటరీ మైనస్ ఊడదీయండి. డోర్ ప్యాడ్‌కి హ్యాండిల్ వెనక, చేయి పెట్టి లాగే గుంతలో స్క్రూలుంటాయి. అవి తీశాక ప్లాస్టిక్ ప్రై టూల్‌తో కింది అంచు నుంచి క్లిప్పులు విప్పుకుంటూ వచ్చి, ప్యాడ్‌ని పైకెత్తి తీయాలి. ఒకేసారి లాగితే పవర్ విండో వైర్లు తెగుతాయి, ముందు కప్లర్ (వైర్లను కలిపే ప్లగ్) ఊడదీయండి. పాత కారులో క్లిప్పులు విరగడం మామూలే, ఓ పది స్పేర్ దగ్గరుంచుకోండి.

డోర్ లోపల కనిపించే బయటి రేకు వెనక వైపుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో రెండుసార్లు తుడవండి. దుమ్ముంటే షీట్ వానాకాలం రాకముందే ఊడుతుంది. స్పీకర్ సరిగ్గా వెనక ఒక పెద్ద ముక్క, మిగతా రేకు మీద మూడో వంతు కప్పితే చాలు, మొత్తం అంటించక్కర్లేదు. రోలర్‌తో అల్యూమినియం మీది గళ్లు చదునయ్యేదాకా నొక్కాలి. తర్వాత లోపలి రేకులోని పెద్ద రంధ్రాలు మూయండి, అయితే విండో మోటారు దగ్గర ఎప్పుడైనా విప్పగలిగేలా ఉంచండి. డోర్ అడుగున నీళ్లు పోయే చిన్న కంతలు మాత్రం ఎట్టి పరిస్థితుల్లో మూయొద్దు. మూస్తే నీరు నిలిచి రేకు తుప్పు పడుతుంది.

స్పీకర్‌కీ డోర్ రేకుకీ మధ్య పెట్టే స్పేసర్ రింగు ప్లాస్టిక్‌ది కొనండి. ఎండీఎఫ్ చెక్కది డోర్‌లో తడికి ఉబ్బి పొట్టు పొట్టవుతుంది. స్పీకర్ బిగించే ముందు అద్దం పూర్తిగా కిందికి దించి, అయస్కాంతం తగలడం లేదని చూసుకోండి. స్పీకర్ చుట్టూ ఫోమ్ రింగు అంటిస్తే శబ్దం ప్యాడ్ లోపలికి పోకుండా జాలీలోంచి బయటికొస్తుంది.

కిరణ్:
ఇక వైరింగ్. స్విఫ్ట్‌కి సరిపడే స్పీకర్ కప్లర్లు దొరుకుతాయి, కంపెనీ వైర్ కట్ చేసే పనే లేదు. ఒక డోర్‌లో ప్లస్, మైనస్ తారుమారైతే మాత్రం రెండు డోర్లు ఒకదాన్నొకటి కొట్టుకుని బేస్ మాయమవుతుంది. అనుమానముంటే 1.5 వోల్టుల సెల్ ఒకసారి తాకించండి: సెల్ ప్లస్ స్పీకర్ ప్లస్‌కి తగిలినప్పుడు కోన్ బయటికి రావాలి. స్పీకర్ మైనస్‌ని కారు బాడీకి ఎప్పుడూ కలపకండి. స్టీరియోలోని ఐసీ (ఆంప్లిఫయర్ చిప్) స్పీకర్ రెండు కొనలనూ నడిపిస్తుంది, ఎర్త్ తగిలితే పాడైపోవచ్చు.

గొంతు చీలడానికి ఇంకో కారణం, ఆ పదిహేను వాట్లు కింది బేస్ మోయలేక అయిపోవడం. కంపెనీ స్టీరియోలో హైపాస్ (కింది బేస్‌ని ఆపే) సెట్టింగ్ ఉండదు కాబట్టి ఒక్కో డోర్ స్పీకర్ ప్లస్ వైరులో 470 మైక్రోఫారడ్ల నాన్-పోలార్ (ప్లస్, మైనస్ తేడా లేని) కెపాసిటర్ సిరీస్‌లో పెట్టండి. 4 ఓమ్‌లకి దాదాపు 85 హెర్ట్జ్ కింద తగ్గుతూ పోతుంది. నాన్-పోలార్ దొరక్కపోతే 1000 మైక్రోఫారడ్లవి రెండు తీసుకుని మైనస్ కాళ్లు కలిపి టంకం వేస్తే 500 అవుతుంది. 50 వోల్టులవి తీసుకోండి. బేస్ నాబ్ సున్నా దగ్గరే ఉంచండి.

బ్లూటూత్‌కి ఆక్స్‌లో పెట్టే చిన్న రిసీవర్ చాలు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ‘కుయ్’ మని మోత పెరుగుతుంటే అది గ్రౌండ్ లూప్. రిసీవర్‌కి కరెంటు, ఆక్స్ ఒకే కారులోంచి తీసుకోవడం వల్ల వస్తుంది. గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ అని ఆక్స్ వైరు మధ్యలో పెట్టేది ఉంటుంది, మూడు నాలుగు వందలు. దాంతో పోతుంది.

సురేష్:
చాలా వివరంగా చెప్పారు, ధన్యవాదాలు. ఇవన్నీ కలిపినా ఏడెనిమిది వేలే అవుతున్నాయి. కాజ టోల్‌గేట్ దగ్గర తొంభైలో వెళ్తుంటే టైర్ల హోరుకి బేస్ వినపడదు కదా, మిగిలిన డబ్బుకి బేస్ ట్యూబ్ పెట్టించనా?

వలి:
ట్యూబ్ ‘బుమ్ బుమ్’ అని ఒకటే స్వరం మోగుతుంది, డిక్కీ కూడా పోతుంది. లోపలే ఆంప్లిఫయర్ ఉన్న 8 అంగుళాల అండర్‌సీట్ సబ్‌వూఫర్ (సీటు కింద పెట్టే బేస్ స్పీకర్) చూడండి. కొనేముందు సీటు కింద ఎత్తు కొలవండి, సీటు వెనక్కి జరిపినప్పుడు కూడా తగలకూడదు. హై-లెవెల్ ఇన్‌పుట్ (స్పీకర్ వైర్లే నేరుగా కలపగలిగేది) ఉన్నదే తీసుకోండి, వెనక స్పీకర్ వైర్ల నుంచే సిగ్నల్ ఇవ్వొచ్చు. దాని లోపాస్ (పై స్వరాలను ఆపే సెట్టింగ్) కూడా 80 హెర్ట్జ్ దగ్గర పెడితే డోర్ల కెపాసిటర్‌తో కలిసిపోతుంది.

కిరణ్:
కరెంటు మాత్రం బ్యాటరీ నుంచి నేరుగా 8 గేజ్ వైరు. కిట్లలో వచ్చేది చాలావరకు రాగి పూత పూసిన అల్యూమినియం. కొన గీరి చూడండి, లోపల తెల్లగా కనిపిస్తే అదే. అల్యూమినియంకి కరెంటు మోసే శక్తి రాగిలో అరవై శాతం, అది తప్ప వేరే దొరక్కపోతే ఒక సైజు లావుది వేయండి. ఫ్యూజ్ బ్యాటరీ ప్లస్ నుంచి అడుగున్నర లోపే ఉండాలి. సబ్‌వూఫర్ దగ్గర పెడితే, మధ్యలో వైరు నలిగి బాడీకి తగిలినప్పుడు ఆపేదేమీ ఉండదు. ఇంజిన్ గదిలోంచి లోపలికి రబ్బరు గ్రోమెట్ (రంధ్రం అంచుకి వైరు కోసుకోకుండా ఉంచే రింగు) గుండానే తీసుకురండి.

ఎర్త్ సీటు బెల్టు బోల్టుకి బిగించొద్దు. దగ్గర్లో బాడీ రేకు మీద పెయింట్ గీకి, అదే గేజ్ వైరుతో విడిగా బోల్టు వేయండి, పైన గ్రీజు రాయండి. అయ్యాక పాట గట్టిగా పెట్టి, మల్టీమీటర్‌ని డీసీలో ఉంచి సబ్‌వూఫర్ ఎర్త్‌కీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య కొలవండి. 0.2 వోల్టులు దాటుతుంటే ఎర్త్ బోల్టు విప్పి మళ్లీ గీకాలి.