స్టేజీ మీదికి రైతును పిలిచి సైటు వాడించొచ్చా?

కర్నూలు_ఫ్రంటెండ్
వచ్చే నెల మా ఊళ్ళో ఒక ఇంజనీరింగ్ కాలేజీ టెక్ ఫెస్ట్‌లో యూజబిలిటీ, అంటే సైటు వాడటం జనానికి ఎంత తేలిక అన్నదాని గురించి అరగంట మాట్లాడమన్నారు. స్లైడ్లు వేస్తే పిల్లలు ఫోన్లు తీస్తారు. అందుకే ఒక ఉల్లి రైతును స్టేజీ మీదికి పిలిచి, మా టీం చేసిన మార్కెట్ ధరల సైటు ఆయన చేతికిచ్చి, "ఈరోజు కర్నూలు యార్డులో రేటెంతో చూడండి" అని అడుగుదామనుకుంటున్నా. ఆయన ఫోన్‌లో జరిగేదంతా వెనక తెర మీద కనిపిస్తుంది. యూజబిలిటీ మీద పుస్తకాలు రాసిన స్టీవ్ క్రుగ్ కూడా తన వర్క్‌షాపుల్లో లైవ్‌గా టెస్ట్ చేసి చూపిస్తాడు. నాతోపాటు మాట్లాడే అమ్మాయి మాత్రం ఇది పద్ధతి కాదంటోంది. మీరేమంటారు?

ఆదోని_అమ్మాయి
ఆ అమ్మాయి మాటే నాదీ. క్రుగ్ పిలిచేది అక్కడ నేర్చుకోడానికి వచ్చి కూర్చున్నవాళ్ళలో ఒకరిని. తడబడినా అందరూ ఒకే వృత్తివాళ్ళు, నవ్వుకుని వదిలేస్తారు. మీరు పిలిచేది సరుకు అమ్ముకోవడానికి వచ్చిన మనిషిని, అదీ హాలు నిండా ఉన్న పిల్లల ముందుకు. వేలు పొరపాటున వేరే బటన్ మీద పడిందా, వెనక వరసలోంచి ఈల వస్తుంది. "తప్పు మీది కాదు, సైటుది" అని మైకులో ఎన్నిసార్లు చెప్పినా ఆయన చెవిలో మోగేది ఆ ఈలే.

ఇంకోటి. పదిమంది చూస్తుంటే అలవాటైన పని ఇంకా బాగా చేస్తాం, కొత్త పని చెడగొట్టుకుంటాం. మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ జయాన్స్ 1965లోనే ఈ సంగతి రాశాడు. ఇక స్టేజీ మీద ఆయన ఆగిపోతే అది సైటు లోపమో టెన్షనో ఎట్లా తేలుస్తారు?

అనంత_పిక్సెల్
అక్కా, మర్యాద సరే. కానీ ఇన్నేళ్ళుగా మర్యాదగా చెబుతూనే ఉన్నాం కదా, ఏమి మారింది? టాక్ వింటారు, చప్పట్లు కొడతారు, సోమవారం ఆఫీసుకు పోయి హోం పేజీలో మళ్ళీ బొమ్మలు జరిగే స్లైడర్ పెడతారు. ఒక మనిషి కళ్ళెదుట "దీన్ని యాడ నొక్కాల?" అంటే ఆ మాట మర్చిపోరు. వీడియో చూపిస్తే "కట్ చేసి పెట్టినారు" అనేస్తారు. ఐదుగురితో టెస్ట్ చేస్తే చాలని యూజబిలిటీ నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లో రాశాడు. మన దగ్గర ఒక్కరితో కూడా చేయరు. సున్నా కంటే ఒకటి మేలు.

ఆదోని_అమ్మాయి
నీల్సన్ లెక్క సగటున ఒక్కొక్కరు 31 శాతం లోపాలు బయటపెడతారన్న అంచనా మీద నిలబడింది. 2001లో అదే రంగంలోని జారెడ్ స్పూల్, విల్ ష్రోడర్ తాము పరీక్షించిన సైట్లలో మొదటి ఐదుగురికి దొరికినవి 35 శాతమే అని చూపించారు. అదట్లా ఉంచినా, నీల్సన్ చెప్పింది కొద్దిమందితో చూడండి, దిద్దండి, మళ్ళీ చూడండి అని. స్టేజీ మీద దిద్దడం యాడుంది తమ్ముడూ? అది టెస్ట్ కాదు, షో.

జిరాక్స్_సెంటర్
నాకు డిజైన్ తెలియదు. కర్నూలు బస్టాండు దగ్గర జిరాక్స్, ఆన్‌లైన్ షాపు నాది. ఒక్కరే కూర్చుని సైటు వాడేవాళ్ళు నా దగ్గరికి రారు సామీ. ఫారం నేను నింపుతా, ఓటీపీ కూతురి ఫోనుకు వస్తుంది, ఆమె ఊళ్ళో ఉంటుంది, ఆమెకు ఫోన్ చేసి చెప్పించుకునేలోపల టైం అయిపోతుంది. మళ్ళీ మొదటికి. ఆ ముగ్గురినీ స్టేజీ ఎక్కిస్తారా?

2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయినాయి. డోన్ నుంచి వచ్చినాయన ఆధార్‌లో కర్నూలు అని ఉంటుంది, ఫారంలో నంద్యాల ఉంటుంది. ఏది పెట్టాలని నన్ను అడుగుతాడు, నేను ఇంకొకరిని అడుగుతా. జిల్లా పెట్టె కింద ఒక్క ముక్క రాసిన సైటు నాకైతే కనపడలేదు. మీ కాన్ఫరెన్సుల్లో దీని గురించి ఎవరన్నా మాట్లాడతారా?

కడప_యూఎక్స్
షాపాయన చెప్పిందే అసలు టాక్.

@కర్నూలు_ఫ్రంటెండ్, ఏసీ హాల్లో మీ సైటు బ్రహ్మాండంగా కనిపిస్తుంది. అదే ఫోను మధ్యాహ్నం ఎండలో యార్డులో తీయండి. తెల్లటి తెర మీద లేత బూడిద రంగు అంకెలు మాయం. మామూలు సైజు అక్షరాలకూ వెనక రంగుకూ మధ్య కాంట్రాస్ట్ (వెలుగు తేడా) కనీసం 4.5కి 1 ఉండాలని డబ్ల్యూసీఏజీ, అంటే సైట్లు అందరూ వాడగలిగేలా ఉండాలని చెప్పే ప్రమాణాల్లో ఊరికే పెట్టలేదు. తెలుగు వరసల మధ్య ఖాళీ ఇంగ్లీషుకు పెట్టినంతే పెడితే పై వరస వత్తులు కింది వరస గుడుల మీద పడతాయి, అది కూడా అక్కడే తెలుస్తుంది. యార్డుకే పోయి ఆయన అనుమతితో రికార్డు చేయండి. ఆయన ఆలోచిస్తూ ఆగిన చోట కట్ చేయొద్దు, హాలు కూడా అంతసేపూ ఎదురుచూడాలి. మీకెట్లాగూ శాలువా, మెమెంటో ఇస్తారు. ఆయనకు ఆ పూట కూలి మీ జేబులోంచి ఇవ్వండి.

కర్నూలు_ఫ్రంటెండ్
యార్డు వీడియోకు సరే. అయినా లైవ్ లేకపోతే టాక్ చప్పగా ఉంటుందనే నా నమ్మకం.

ఆదోని_అమ్మాయి
లైవే కావాలంటే హెచ్‌ఓడీ గారిని పిలవండి. ఆ కాలేజీ సైటులోనే పరీక్ష ఫీజు కట్టే పేజీ వెతకమనండి.

కర్నూలు_ఫ్రంటెండ్
అమ్మో! ఆయన్ను అందరి ముందు నిలబెడితే వచ్చే ఏడు నన్ను గేటు దగ్గరే ఆపేస్తారు.

ఆదోని_అమ్మాయి
రైతైతే ఆపలేడు, అంతే కదా తేడా?

అనంత_పిక్సెల్
😄 అక్కా, ఇది మాత్రం ఒప్పుకుంటున్నా. లైవ్ మీద నా మాట మాత్రం మారదు. ఒక స్టూడెంటునే పిలిచి ఆ ఫీజు పేజీ వెతికించండన్నా, రోజూ తిట్టుకునేది వాళ్ళే.

జిరాక్స్_సెంటర్
యార్డుకు పోతే పొద్దున్నే పోవద్దండి. సరుకు అమ్ముడయ్యేదాకా ఏ రైతూ మీ ఫోను ముట్టుకోడు.