గాలివానలో పరికరాలు కాలిపోయాయి, స్పైక్ గార్డ్ ఎందుకు కాపాడలేదు?

ప్రశ్న (తెనాలి నుంచి)

అందరికీ నమస్కారం. గత వారం సాయంత్రం ఈదురుగాలి వీస్తుండగా, మా పూజగదిలోని చిన్న బల్బు ఉన్నట్టుండి కళ్లు చెదిరేలా వెలిగింది, హాల్లో ఫ్యాను ఎన్నడూ లేనంత వేగంగా తిరగసాగింది. నేను లేచి మెయిన్ స్విచ్ దగ్గరకు వెళ్లేలోపే కాలిన వాసన వచ్చింది. టీవీ, రౌటర్ అడాప్టర్, వాషింగ్ మెషీన్ బోర్డు, ఫ్రిజ్ స్టెబిలైజర్ పాడయ్యాయి. అదే సమయంలో ఎదురింటివారి దీపాలు మాత్రం గుడ్డిగా మారాయని తరువాత తెలిసింది. దగ్గరలో పిడుగు పడిన శబ్దమేదీ మాకు వినిపించలేదు.

టీవీకి స్పైక్ గార్డ్ పెట్టే ఉన్నాము. ఎలక్ట్రీషియన్ దాన్ని విప్పి చూపించినప్పుడు, లోపల రూపాయి బిళ్ల కంటే చిన్నదైన నీలిరంగు బిళ్ల ఒకటి రెండుగా చీలి, చుట్టూ మసి పట్టి ఉంది. మెయిన్ బోర్డులోని ఎంసీబీలలో (కరెంటు ఎక్కువైతే తనంతట తానే ఆగిపోయే స్విచ్‌లు) ఒక్కటి కూడా పడలేదు. ఇంతకంటే ఖరీదైన స్పైక్ గార్డ్ కొనాలా, లేక ఇల్లంతటికీ పెద్ద స్టెబిలైజర్ పెట్టించాలా? మా అమ్మగారి ఇన్సులిన్ ఫ్రిజ్‌లోనే ఉంటుంది కనుక ఈ విషయంలో ఆలస్యం చేయదలచుకోలేదు.

మొదటి సమాధానం (విశ్రాంత విద్యుత్ ఉద్యోగి)

మీరు రాసినవాటిలో నాకు అన్నిటికంటే ముఖ్యమైన ఆధారం ఎదురింటివారి దీపాలే. మీ దీపాలు వెలుగెక్కి, వారివి తగ్గాయంటే అది పిడుగు పని కాదు. స్తంభం మీదనో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరో న్యూట్రల్ తెగి ఉండాలి.

వీధి లైనులో మూడు ఫేజులు, ఒక న్యూట్రల్ ఉంటాయి. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 230 వోల్టులు, రెండు ఫేజుల మధ్య సుమారు 400 వోల్టులు ఉంటాయి. గాలికి జంపర్ (తీగలను కలిపే తీగ ముక్క) ఊడి న్యూట్రల్ తెగినప్పుడు, వేర్వేరు ఫేజుల మీదున్న ఇళ్లు ఒకదాని వెనుక ఒకటి కలిపినట్టయి, ఆ 400 వోల్టులను వాటి వాడకాన్ని బట్టి పంచుకుంటాయి. ఏసీలు, మోటార్లు నడుస్తున్న ఫేజుకు వోల్టేజి పడిపోతుంది. రెండు ఫ్యాన్లు, ఒక టీవీ మాత్రమే నడుస్తున్న ఫేజుకు 300 దాటిపోతుంది. పొదుపుగా వాడుకునే ఇంటికే ఎక్కువ నష్టం జరగడం నా ఉద్యోగ కాలంలో ఎన్నోసార్లు చూసి బాధపడ్డాను.

230 వోల్టుల కరెంటు ప్రతి అలలోనూ తాకే గరిష్ఠ విలువ, అంటే శిఖరం, 325 వోల్టులు. అదే 300 వోల్టులు వస్తే శిఖరం 424కు చేరుతుంది. చాలా అడాప్టర్లలో ఉండే కెపాసిటర్ 400 వోల్టులకు చేసినది కనుక ఉబ్బి పగులుతుంది. మీరు చూసిన నీలి బిళ్ల పేరు వేరిస్టర్. సెకనులో లక్షల వంతు కాలం ఉండే వోల్టేజి ఉప్పెనను మింగడానికే దాన్ని తయారు చేస్తారు. సెకన్ల తరబడి ఎక్కువ వోల్టేజి ఉంటే అదే వేడెక్కి చీలిపోతుంది. కాబట్టి ఎంత ఖరీదైన స్పైక్ గార్డ్ కొన్నా ఆ రోజు ఫలితం ఇంతే. ఎంసీబీ పడకపోవడానికి కారణం, అది కరెంటు ఎక్కువైతేనే పడుతుంది, వోల్టేజిని చూడదు. కరెంటు లీకైతే పడే ఆర్‌సీసీబీ కూడా వోల్టేజిని చూడదు.

మీకు కావలసింది మెయిన్ బోర్డులో ఎంసీబీ పక్కన అమర్చే ఓవర్ వోల్టేజి, అండర్ వోల్టేజి కటాఫ్. వోల్టేజి 270 దాటగానే అది ఇల్లంతటినీ లైను నుంచి విడదీస్తుంది. కొనేముందు అది 400 వోల్టుల దాకా తట్టుకుంటుందో లేదో చూడండి, లేకపోతే అదే ముందు కాలుతుంది. కరెంటు తిరిగి ఇచ్చే ఆలస్యాన్ని 3 నిమిషాలకు పెట్టించండి, ఫ్రిజ్ కంప్రెసర్‌కు ఆ వ్యవధి అవసరం.

మరొక్క మాట, దీన్ని దయచేసి తేలిగ్గా తీసుకోకండి. కొన్ని ఇళ్లలో ఎర్త్ గుంత లేక, సాకెట్‌లోని మూడో రంధ్రాన్ని న్యూట్రల్‌కే కలిపేస్తారు. న్యూట్రల్ తెగిన రోజున వాషింగ్ మెషీన్, ఫ్రిజ్ ఒంటి రేకుకే కరెంటు వస్తుంది, ముట్టుకున్నవారి ప్రాణం పోతుంది. ప్రతి సాకెట్‌నూ విప్పించి చూడండి.

రెండవ సమాధానం (అనంతపురం జిల్లా నుంచి)

పై వివరణతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. అయితే పిడుగు తెచ్చే ఉప్పెనను కటాఫ్ ఆపలేదని చేర్చాలి, ఎందుకంటే దాని రిలే కదిలేలోపే అంతా అయిపోతుంది. రెండేళ్ల క్రితం మా పెరట్లోని వేపచెట్టు మీద పిడుగు పడినప్పుడు ఫ్రిజ్, ఫ్యాన్లు క్షేమంగా ఉన్నాయి కానీ, సెట్‌టాప్ బాక్స్, దానికి కలిపిన టీవీ హెచ్‌డీఎంఐ పోర్టు పోయాయి. ఉప్పెన వచ్చింది కరెంటు తీగ గుండా కాదు, మేడమీది డిష్ కేబుల్ గుండా. అందుకే ఉరుములు మొదలయ్యే ముందే ప్లగ్గుతో పాటు కేబుల్ కూడా తీసేయాలి. మెరుపులు నెత్తిమీదికి వచ్చాక ప్లగ్గును, కేబుల్‌ను ముట్టుకోకూడదు. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ అధ్యయన సంస్థ రూపొందించిన దామిని యాప్ దగ్గరలోని పిడుగుల గురించి హెచ్చరిస్తుంది కనుక, మేము దాన్నే చూసుకుంటున్నాము.

బోర్డులో టైప్ 2 సర్జ్ ప్రొటెక్టర్ కూడా పెట్టించవచ్చు. దాని కిటికీలో పచ్చరంగు పోయి ఎరుపు కనిపిస్తే లోపలి భాగాన్ని మార్చాలి. కానీ అది ఉప్పెనను పంపేది భూమిలోకే కాబట్టి, మంచి ఎర్త్ లేకుండా దాన్ని కొనడం డబ్బు వృథా. మా గుంత వేసవిలో పూర్తిగా ఎండిపోతుంది, వారానికొకసారి నీళ్లు పోస్తాము.

మూడవ సమాధానం

న్యూట్రల్ తెగినట్టు అనుమానం రాగానే మెయిన్ ఆపి 1912కు ఫోన్ చేసి, ఫిర్యాదు సంఖ్య రాసుకోండి. నష్టపరిహారం అడగదలచుకుంటే ఆ సంఖ్య, మరమ్మతు బిల్లులు, అదే రోజు నష్టపోయిన ఇరుగుపొరుగువారి సంతకాలు ఉపయోగపడతాయి. 2003 నాటి విద్యుత్ చట్టం 42వ సెక్షన్ ప్రకారం ఏర్పడిన వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు వెళ్లవచ్చు, అక్కడ తృప్తి కలగకపోతే ఆ పైన ఫిర్యాదులు వినే అధికారి అయిన అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు.

ప్రశ్న అడిగినవారి నుంచి

అందరికీ ఎంతో కృతజ్ఞతలు. లైన్‌మన్ గారు స్తంభమెక్కి చూడగా న్యూట్రల్ జంపర్ నిజంగానే ఊడి ఉంది, దాన్ని కొత్త క్లాంపుతో బిగించారు. నిన్న కటాఫ్ అమర్చాము. సాకెట్లు విప్పించగా, వాషింగ్ మెషీన్ సాకెట్‌లో మూడో రంధ్రానికీ న్యూట్రల్‌కూ మధ్య చిటికెన వేలంత నల్లటి వైరు ముక్క కనిపించింది. మా అమ్మగారు రోజూ తడిచేతులతో ముట్టుకునే మెషీన్ అది. ఎలక్ట్రీషియన్ నా ఎదుటే దాన్ని కత్తిరించి నా చేతిలో పెట్టారు. ఆదివారం ఎర్త్ గుంత తవ్విస్తున్నాము, అప్పటివరకు ఆ సాకెట్‌కు టేపు అంటించి ఉంచాము.