మూడు రెట్లు పెట్టి క్రాఫ్ట్ బీరు కొనడంలో అర్థముందా?

కొత్తగ్లాసు:

అందరికీ నమస్కారం. పదిహేనేళ్ళుగా నేను తాగింది ఒకే రకం లాగర్, అంటే ఎక్కడైనా దొరికే మామూలు తేలికపాటి బీరు. చల్లగా ఉంటే చాలనుకునేవాణ్ణి. రుచి గురించి ఎప్పుడూ పట్టించుకోలేదు. రెండు నెలల కిందట ఒక స్నేహితుడు తన గ్లాసులోంచి ఒక గుక్క తాగి చూడమన్నాడు. ఐపీఏ (ఇండియా పేల్ ఏల్) అనే రకం బీరట. ముక్కు దగ్గరికి రాగానే పంపరపనస తొక్కని గోటితో గిల్లినట్టు వాసన. అందులో పండేమీ కలపలేదు, అదంతా బీరుకి చేదునీ వాసననీ ఇచ్చే హాప్స్ అనే మొగ్గల వాసనేనని చెబితే నమ్మలేకపోయాను.

మర్నాడే వెళ్ళి నాలుగు రకాల క్రాఫ్ట్ బీరు (చిన్న బ్రూవరీలు కొద్దికొద్దిగా చేసే బీరు) క్యాన్లు కొన్నాను. ఒక్కోదాని ధర నేను మామూలుగా తాగేదానికి మూడు రెట్లు. మొదటిది స్నేహితుడు ఇచ్చినదే, అంతే బాగుంది. రెండోది కూడా ఐపీఏనే, కానీ తడిసిన అట్టపెట్టె నమిలినట్టుంది, చివర్లో వట్టి చేదు మిగిలింది. మూడోది పుల్లగా ఉంటే పాడైందేమోనని సగం పారబోశాను. నాలుగోది లాగర్. బాగానే ఉంది, కానీ నా పాత లాగర్‌కీ దానికీ తేడా చెప్పమంటే చెప్పలేను.

నా భార్య సూటిగా అడిగింది: "నాలుగింట్లో ఒకటే నచ్చిందంటే, ఆ ఒక్క క్యాను నీకు పన్నెండు రెట్లకి పడ్డట్టే కదా?" లెక్క సరైనదే. కానీ ఆ మొదటి గ్లాసుని మర్చిపోలేకపోతున్నాను. నేను కట్టే డబ్బు నిజంగా సరుకుకేనా, లేక క్యాను మీద బొమ్మలకా? తెలిసినవాళ్ళు చెప్పండి.

గోధుమనురగ:

నా అభిప్రాయం, అంత ధర పెట్టక్కర్లేదని. 2014లో అచ్చయిన ఒక పరిశోధనలో పేరున్న మూడు యూరప్ లాగర్లని లేబుల్ కనబడకుండా ఇచ్చారు. మూడేసి గ్లాసులు పెడతారు, రెండింట్లో ఒకే బీరు, మూడోదాంట్లో వేరేది. ఆ వేరేది ఏదో పట్టుకోవాలి. చాలామంది పట్టుకోలేకపోయారు. నోటికి తెలియని తేడాకి డబ్బు ఎందుకు పెట్టాలి?

పైగా 'క్రాఫ్ట్' అనే మాటే చాలా సాగుతుంది. అమెరికాలో బ్రూవర్స్ అసోసియేషన్ అనే బ్రూవరీల సంఘం లెక్కలో ఏడాదికి 60 లక్షల బ్యారెళ్ళ దాకా చేసినా క్రాఫ్ట్ బ్రూవరీయే. లీటర్లలో అది దాదాపు 70 కోట్లు. చికాగోలోని గూస్ ఐలాండ్ అనే క్రాఫ్ట్ బ్రూవరీని 2011లో ఆన్‌హైజర్ బుష్ అనే పెద్ద బీరు కంపెనీ కొనేసింది. పేరు మాత్రం పాతదే. చిన్నవాళ్ళని ఆదుకుంటున్నామనుకుని కొనేవాళ్ళు ఇవి కూడా చూసుకోవాలి.

చేదుమొగ్గ:

కొత్తగ్లాసు గారూ, నేను ఒక చిన్న బ్రూవరీలో ఏడేళ్ళు ట్యాంకుల దగ్గర పనిచేశాను. ఇప్పుడు ఆ పనిలో లేను, అమ్మాల్సిందీ ఏమీ లేదు. కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతాను. మీరు కొన్న నాలుగు క్యాన్లకీ నాలుగు వేరువేరు జవాబులున్నాయి.

ముందు మీకు నచ్చిన ఐపీఏ. మా ట్యాంకు వెయ్యి లీటర్లది. లాగర్ చేస్తే దానికి రెండు కిలోలలోపు హాప్స్ సరిపోయేవి. మంచి వాసన ఉన్న ఐపీఏకి పద్నాలుగు కిలోలు పట్టేవి. మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) కూడా లాగర్‌కి 190 కిలోలైతే దీనికి 260. మీకు పంపరపనస వాసన తెప్పించిన సిట్రా లాంటి హాప్స్ రకాల మీద హక్కులు వాటిని పెంచిన కంపెనీలవి, మామూలు హాప్స్ కంటే ధర ఎక్కువ. ఆ హాప్స్‌లో ఎక్కువ భాగాన్ని ఉడికించకుండా, బీరు పులిసిన తర్వాత చల్లటి ట్యాంకులోనే వేస్తాం. ఉడికిస్తే చేదు బీరులోకి దిగుతుంది కానీ వాసన ఆవిరైపోతుంది. ట్యాంకులో వేసిన ఆ ఆకుపచ్చ పొడి స్పాంజిలా బీరుని పీల్చుకుని అడుక్కి దిగుతుంది. వెయ్యి లీటర్లు చేస్తే క్యాన్లలోకి ఎక్కేది 850 దాకా. మిగతాది మడ్డితో పాటు కాలవలోకి పోతుంది. మొదటిసారి ఆ మడ్డి తోడి పారబోసిన రోజు నాకు మనసు పాడైంది, పద్నాలుగు కిలోల హాప్స్ అలా వెళ్ళిపోతుంటే.

పెద్ద కంపెనీలు ఇంకో పద్ధతిలో చేస్తాయి. కావలసినదానికంటే గాఢంగా పులియబెట్టి, ప్యాక్ చేసే ముందు ఆక్సిజన్ తీసేసిన నీళ్ళు కలిపి సరిచేస్తాయి. అదే ట్యాంకులోంచి ఎక్కువ బీరు వస్తుంది. ఇది మోసం కాదు, తేలికపాటి లాగర్‌కి సరిపోయే పద్ధతే. మేం మాత్రం ట్యాంకులు మనుషులతో కడిగించేవాళ్ళం. నా రోజులో సగం కంటే ఎక్కువ కడగడంతోనే గడిచేది. క్యాన్లు కూడా కొద్దికొద్దిగా కొంటాం కాబట్టి ఖాళీ క్యానుకే పెద్దవాళ్ళ కంటే చాలా ఎక్కువ ఇచ్చేవాళ్ళం. ఆ ఖర్చు కూడా మీ మూడు రెట్లలో ఉంది. దానివల్ల రుచేమీ పెరగదు, ఆ మాట దాచను.

ఇక అట్టపెట్టె రుచి. దాని గురించి నేను ఎంత చెప్పినా తక్కువే. అది పాతబడిన బీరు. లోపల చిక్కుకున్న కాస్త ఆక్సిజన్ చాలు. ముందు హాప్స్ వాసన పోతుంది, తర్వాత ఆ తడి అట్ట రుచి పైకొస్తుంది. బ్రూవరీల్లో 3-30-300 అని ఒక లెక్క చెప్పుకుంటారు. 32 డిగ్రీల వేడిలో మూడు రోజులుంచినా, 22 డిగ్రీల్లో ముప్ఫై రోజులుంచినా, 3 డిగ్రీల చల్లదనంలో మూడు వందల రోజులుంచినా బీరుకి ఇంచుమించు ఒకే నష్టం. ఇది కొలిచి తేల్చిన సూత్రం కాదు, పనివాళ్ళు గుర్తు కోసం పెట్టుకున్న లెక్క. కానీ నేను చూసినంతలో నిజమే. మేం మూడు వారాలు కష్టపడి చేసిన ఐపీఏని ఒక షాపులో కిటికీ పక్కన ఎండ తగిలే అరలో పెట్టడం చూశాను. ఆ రోజు నాకు నిద్ర పట్టలేదు. మీరు కట్టింది హాప్స్‌కి, మీ చేతికి వచ్చేసరికి అందులో హాప్సే లేవు. అలాంటి క్యాను సగం ధరకిచ్చినా దండగే.

అందుకే క్యాను అడుగున తేదీ చూడండి. ప్యాక్ చేసిన తేదీ వేసినవాళ్ళది కొనండి. హాప్స్ ఎక్కువున్న బీరైతే రెండు మూడు నెలలు దాటితే తీసుకోకండి. ఫ్రిజ్‌లో లేనిది అసలు వద్దు. సీసా అయితే గోధుమరంగుదే మేలు. ఆకుపచ్చ, తెల్ల సీసాల్లోంచి వెలుతురు లోపలికి పోయి హాప్స్ చేదుతో కలిస్తే గంధకపు కంపు పుడుతుంది.

మీరు పారబోసిన పుల్లటి బీరు పాడైంది కాకపోవచ్చు, కొన్ని రకాలని కావాలనే పుల్లగా చేస్తారు. బ్రస్సెల్స్ చుట్టుపక్కల చేసే లాంబిక్ అనే పుల్లటి బీరుకి ఈస్ట్ కలపరు. చలికాలంలో మాల్ట్ నుంచి తీసిన వేడి రసాన్ని వెడల్పాటి తొట్టెలో రాత్రంతా తెరిచి ఉంచుతారు, గాలిలోని ఈస్ట్, బ్యాక్టీరియాలే చేరి పులియబెడతాయి. తర్వాత చెక్క పీపాల్లో ఏళ్ళ తరబడి ఉంటుంది. ఏడాది, రెండేళ్ళు, మూడేళ్ళ వయసున్న లాంబిక్‌లు కలిపితే గూజ్ అనే బీరు అవుతుంది. ఇన్నాళ్ళ కాలానికీ, పీపాల్లోంచి ఆవిరైపోయే భాగానికీ ఎవరో ఒకరు డబ్బు కట్టాలి కదా. గూజ్ ధర గురించి మాత్రం నేను బేరమాడను. (మీరు కొన్నది లాంబిక్ కాకపోవచ్చు. తొందరగా పులుపు తెప్పించే పద్ధతులూ ఉన్నాయి, వాటికి అంత ధర అక్కర్లేదు.)

చివరిది లాగర్. దీని దగ్గరే నాకు బాధ. మా లాగర్ ఆరు వారాలు ట్యాంకులో చల్లగా నిలవ ఉండేది. ఆ కాలంలో రెండు ఐపీఏలు చేసి అమ్ముకోవచ్చు. నేను చేసినవాటిలో నాకు బాగా ఇష్టమైనదీ అదే. అయినా మీరు తేడా చెప్పలేకపోయారంటే మీ నోరు అబద్ధం చెప్పడం లేదు. గోధుమనురగ గారు చెప్పిన పరిశోధన కూడా లాగర్ల మీదే. దాన్ని స్టౌట్ అనే నల్లటి బీరుకీ, ఐపీఏకీ అంటగట్టడం మాత్రం సరికాదు.

పాతపీపా:

ఇంట్లో ఇరవై లీటర్ల చొప్పున ఎనిమిదేళ్ళుగా బీరు చేసుకుంటున్నాను. పెద్ద కంపెనీల తరఫున ఒక మాట చెప్పాలి.

తేలికపాటి లాగర్ చేయడం కష్టం. తప్పు జరిగితే ఐపీఏలో హాప్స్ కప్పేస్తాయి, లాగర్‌లో ఏదీ కప్పదు. నా మొదటి మూడు లాగర్లలోనూ కరిగిన వెన్న వాసన వచ్చింది. ఈస్ట్ తన పని పూర్తిచేసేలోపే చల్లబెట్టేశాను. కోట్ల సీసాల్లో ఒక్కదాంట్లో కూడా ఆ వాసన రాకుండా చేయడం చిన్న విషయం కాదు. ఈ రోజు క్రాఫ్ట్ బ్రూవరీలు వాడే శుద్ధమైన ఈస్ట్ కూడా పెద్ద కంపెనీ చలవే. 1883లో కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒకే కణం నుంచి ఈస్ట్‌ని పెంచి చూపించాడు. ఆ పద్ధతిని దాచుకోకుండా ఇతర బ్రూవరీలకి కూడా ఇచ్చారు.

బియ్యం, మొక్కజొన్న కలిపితే కల్తీ అనేవాళ్ళు కూడా ఉన్నారు. అమెరికాలో పంతొమ్మిదో శతాబ్దంలో అక్కడి బార్లీలో ప్రొటీన్ ఎక్కువై బీరు మబ్బుగా, బరువుగా వచ్చేది. దాన్ని తేలిక చేయడానికి అవి కలపడం మొదలుపెట్టారు. ధరతో సంబంధం లేకుండా అది ఒక రుచి.

ధర విషయంలో చేదుమొగ్గ గారితో ఏకీభవిస్తాను. ఇంట్లో చేసినా నా ఐపీఏకి అయ్యే ఖర్చు లాగర్‌కి దాదాపు రెట్టింపు. అక్కడ కూలీ లేదు, లేబుల్ లేదు, సరుకు ఖర్చు ఒక్కటే.

కొత్తగ్లాసు:

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. ఖాళీ క్యాన్లు ఇంకా పారేయలేదు, వెళ్ళి తిరగేసి చూశాను. నచ్చిన ఐపీఏ అప్పటికి ఐదు వారాలది. అట్టపెట్టె రుచి వచ్చినది పదకొండు నెలలది! షాపులో అది ఫ్రిజ్ బయట, అరలో నిలువుగా పేర్చి ఉండడం నాకు బాగా గుర్తుంది. పుల్లటి దాని మీద చిన్న అక్షరాల్లో 'సవర్' (పుల్లనిది) అని రాసే ఉంది, నేనే చదవలేదు.

గోధుమనురగ గారు చెప్పిన మూడు గ్లాసుల పరీక్ష ఇంట్లో చేయొచ్చా? ఎలా చేస్తే సరిగ్గా ఉంటుంది?

చేదుమొగ్గ:

తప్పకుండా చేయండి. రంగు కనబడకుండా లోపల ముదురు రంగున్న కప్పులు తీసుకోండి. పోసేవాళ్ళు వేరే గదిలో పోయాలి, ఏది ఎక్కడుందో కాగితం మీద రాసుకోవాలి. కప్పుకి గుక్కెడు చాలు. రెండు బీర్లూ ఒకే చల్లదనంలో ఉండాలి, లేకపోతే మీరు పట్టుకునేది వేడినే, రుచిని కాదు. మరీ చల్లగా కూడా వద్దు, నాలుక మొద్దుబారుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసి పావుగంట ఆగండి.

గుడ్డిగా ఊహించినా మూడింట ఒకసారి తగులుతుంది. అంటే తొమ్మిదిసార్లు చేస్తే మూడు ఊరికే వచ్చినట్టు. ఏడో ఎనిమిదో వస్తే నిజంగా తేడా తెలిసినట్టు. ఒక్క రోజులో కూర్చుని అన్నీ చేయకండి, నాలుక అలసిపోతుంది.

కొత్తగ్లాసు:

మూడు సాయంత్రాలు పట్టింది. మా ఆవిడ పోసింది, లెక్క కూడా తనే రాసింది.

క్రాఫ్ట్ లాగర్‌కి నా పాత లాగర్‌ని పోటీ పెడితే తొమ్మిదింట్లో నాలుగు పట్టుకున్నాను. దాదాపు ఊహించినట్టే. ఇకమీదట లాగర్ కావాలంటే నా పాతదే తాగుతాను.

ఐపీఏకి మాత్రం ఒకే కంపెనీవి, ఒకే పేరున్నవి రెండు తీసుకున్నాను. ఒకటి మూడు వారాలది, ఫ్రిజ్‌లోంచి. ఇంకోటి అదే షాపులో అరలో దొరికిన తొమ్మిది నెలలది. ఇందులో ఎనిమిది పట్టుకున్నాను. తప్పిన ఒక్కటీ మూడో రోజు చివరిది. మా ఆవిడ బీరు ఎక్కువ తాగదు, వాసన మాత్రం చూస్తానని మూడుసార్లు ప్రయత్నించి మూడింటికి మూడూ సరిగ్గా చెప్పింది. నన్నేమో, రెండు క్యాన్లకీ ఒకే ధర ఎందుకు తీసుకున్నారో అడిగావా అంది.

అడిగాను. షాపతను ఆ అరలో ఉన్నవన్నీ బయటికి తీసి తేదీలు చూశాడు. అందులో ఆరు నెలలు దాటినవే ఎక్కువ. ఎవరూ అడగలేదండీ, అందుకే చూసుకోలేదు అన్నాడు. కొత్త సరుకు గురువారం మధ్యాహ్నం వస్తుందట. అరలోకి పోకముందే రెండు క్యాన్లు ఫ్రిజ్‌లో పెట్టి ఉంచమని చెప్పి వచ్చాను.