రష్యా ఆయిల్ కొన్నది దేశం, ధర పడింది మా నాన్న రొయ్యకి. ఇందులో న్యాయం ఎక్కడుంది?

ఉప్పుటేరు (ప్రశ్న, 2025 సెప్టెంబరు)

మాది భీమవరం దగ్గర పల్లెటూరు. నాన్న ఎనిమిదెకరాల చెరువుల్లో వనామీ రొయ్య వేస్తారు, అందులో ఐదెకరాలు లీజు. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఇంతకుముందు రాత్రి ఫోన్ చేస్తే వాన గురించో, కరెంటు కోత గురించో, పక్క చెరువుకి వైట్ స్పాట్ జబ్బు వచ్చిందనో చెప్పేవారు. ఇప్పుడు ట్రంప్ ఏమన్నాడని అడుగుతున్నారు. ఆగస్టు 15న అలాస్కాలో ట్రంప్, పుతిన్ కలుస్తున్నారంటే ఆ రాత్రి టీవీ ముందు నుంచి లేవలేదట, వాళ్లిద్దరి మధ్య ఏదైనా రాజీ కుదిరితే మొదటి 25 శాతానికి తోడు, రష్యా ఆయిల్ కొంటున్నామని అమెరికా మన సరుకు మీద వేస్తామన్న రెండో 25 శాతం సుంకం ఆగుతుందేమోనని. ఆగలేదు. ఆగస్టు 27 నుంచి మొత్తం 50 శాతం అయింది. రొయ్యకి పాత సుంకాలు కూడా కలిపితే 58 శాతం పైమాటే.

నేను దేశం మీద కోపంతో రాయడం లేదు. ఎవరో బెదిరిస్తే మనం ఎవరి దగ్గర ఆయిల్ కొనాలో మార్చుకోకూడదనే నా అభిప్రాయం కూడా. పైగా రష్యా ఆయిల్ మనకంటే చైనాయే ఎక్కువ కొంటోంది, దానికి ఈ పేరుతో అదనపు సుంకం వేయలేదు. కానీ నన్ను తినేస్తున్న విషయం ఒకటుంది. ఉక్రెయిన్ యుద్ధానికి ముందు మనం దిగుమతి చేసుకునే క్రూడ్‌లో రష్యాది రెండు శాతం కూడా లేదు, తర్వాత మూడో వంతు దాటింది. అది తక్కువ ధరకి దొరికింది కాబట్టే కొన్నాం. మరి ఆ లాభం ఎవరికి వచ్చింది? 2022 మేలో ఎక్సైజ్ తగ్గించాక, 2024 మార్చిలో ఒక్క 2 రూపాయలు తగ్గించారు తప్ప హైదరాబాద్‌లో పెట్రోలు 107 దిగలేదు. చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లకి కరెంటు పోయినప్పుడు జనరేటర్‌లో మేం పోసే డీజిలూ అంతే. లాభం పంచుకునేటప్పుడు మేం లేం, నష్టం దగ్గరికి వచ్చేసరికి ముందు మేమే ఉన్నాం. ఇలా అనుకోవడం తప్పా?

ప్లాంట్_షిఫ్ట్

తప్పు కాదు తమ్ముడూ. నేను కాకినాడ వైపు ఒక ప్రాసెసింగ్ ప్లాంటులో సూపర్‌వైజర్‌ని. లోపల ఏం జరుగుతోందో చెబుతాను. సుంకం కాగితం మీద కట్టేది అమెరికాలో కొనేవాడు. కానీ వాడు ఊరికే కట్టడు, సగం నువ్వు భరించు, ధర తగ్గించు అని ఎక్స్‌పోర్టర్‌ని అడుగుతాడు. ఎక్స్‌పోర్టర్ ఏజెంటుకి చెబుతాడు, ఏజెంటు గట్టు మీదికి వచ్చి మీ నాన్నగారికి చెబుతాడు. ఆయన ఇంక ఎవరికి చెప్పాలి? మేతల కంపెనీ వినదు, చెరువు లీజుకిచ్చినాయన వినడు. రొయ్య పట్టడం వాయిదా వేద్దామంటే మేత ఖర్చు రోజురోజుకీ పెరుగుతుంది, ఈలోపు జబ్బొస్తే మొత్తం పోతుంది.

మన పోటీ ఈక్వెడార్‌తో. వాళ్ల మీద సుంకం 15 శాతం, పైగా అమెరికాకి దగ్గర. ఒకసారి కొనేవాడు అటు తిరిగాడంటే సుంకం తీసేసిన మర్నాడే మన దగ్గరికి రాడు. ఇంకో మాట. అందరూ రైతు గురించే రాస్తున్నారు, రాయాలి కూడా, కానీ మా దగ్గర రొయ్య తల తీసి పొట్టు వలిచే ఆడవాళ్లున్నారు. ఆర్డర్ తగ్గితే మొదట వాళ్ల షిఫ్ట్ పోతుంది. పోయిన వారం ఒకావిడ నన్ను "రష్యా ఎక్కడుంటుంది సార్?" అని అడిగింది. ఫోన్‌లో మ్యాప్ తీసి చూపించాను.

డాలస్_తెలుగు

ఇక్కడి నుంచి ఒక విషయం. ఇదంతా రష్యా వల్లే అనుకుంటే రేపు మళ్లీ దెబ్బతింటాం. లూసియానా, టెక్సాస్ తీరంలో పడవలేసుకుని రొయ్య పట్టేవాళ్లు, బయటి దేశాల చెరువుల రొయ్య చవగ్గా వచ్చి మా బతుకు తీసేస్తోందని ఇరవై ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. మరీ చవగ్గా తెచ్చి పోస్తున్నారంటూ వేసే యాంటీ డంపింగ్ సుంకం మన రొయ్య మీద 2005 నుంచే ఉంది, ఆ తర్వాత సబ్సిడీల పేరుతో ఇంకోటి వచ్చింది. వాళ్లు కూడా చిన్నవాళ్లే, మన నాన్నల్లాంటి వాళ్లే. ఆయిల్ గొడవ తీరినా ఆ ఒత్తిడి ఎక్కడికీ పోదు. ఒకే దేశం మీద ఇంతలా ఆధారపడ్డం అసలు తప్పు, ఈ మాట హెచ్1బీ వీసా మీద బతుకుతున్న నాకూ వర్తిస్తుంది. కొత్త దరఖాస్తుకి లక్ష డాలర్లన్న వార్త విన్న రోజు మా అపార్ట్‌మెంట్లో ఎవరికీ నిద్రలేదు.

విశాఖ_మాస్టారు

నాకు 71 ఏళ్లు. బాబూ, ఇది కొత్త కాదు. 1966లో ఏడో తరగతి, బళ్లో మాకు గోధుమ రవ్వ ఉప్మా పెట్టేవారు, అది అమెరికా గోధుమ. వరసగా రెండేళ్లు వానల్లేక దేశంలో గింజ లేదు. వియత్నాం యుద్ధాన్ని మనం విమర్శించామని అమెరికా అధ్యక్షుడు జాన్సన్‌కి కోపం, పీఎల్ 480 అనే సాయం చట్టం కింద వచ్చే గోధుమని ఓడ తర్వాత ఓడగా, లెక్కపెట్టి వదిలేవాడు. ఆ సంగతి పెద్దయ్యాక చదివి తెలుసుకున్నాను, ఇప్పటికీ ఆ ఉప్మా తలుచుకుంటే గొంతులో అడ్డం పడుతుంది. ఆ అవమానంలోంచే మన వాళ్లు కొత్త గోధుమ వంగడాల మీద పట్టుబట్టారు.

1971 డిసెంబరులో విశాఖలో బ్లాకౌట్. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన తీరంలోనే మునిగింది. ఆ తర్వాత కొద్దిరోజులకి అమెరికా ఎంటర్‌ప్రైజ్ యుద్ధనౌకని బంగాళాఖాతంలోకి పంపింది. ఆ సమయంలో మన పక్కన నిలబడింది సోవియట్ యూనియన్, ఆగస్టులోనే ఒప్పందం చేసుకున్నాం కాబట్టి. ఇప్పుడు బీచ్‌లో పిల్లలు ఎక్కి చూసే కురుసురా జలాంతర్గామి కూడా వాళ్లు కట్టిందే. నా తరానికి రష్యా అంటే ఆ గుర్తు. అందుకే ఎవరో కళ్లెర్ర చేస్తే మానేయాలంటే మనసొప్పదు.

ఖార్కివ్_అక్క

మాస్టారూ, మీ మీద గౌరవంతోనే చెబుతున్నాను, సోవియట్ యూనియన్‌లో ఉక్రెయిన్ కూడా ఉంది కదండీ. మా చెల్లి ఖార్కివ్‌లో మెడిసిన్ చదివేది. 2022 ఫిబ్రవరి 24 తెల్లవారుజామున బాంబుల చప్పుడు ఫోన్‌లో వినిపించింది. వారం రోజులు బంకర్‌లో ఉంది, ఇంటి ఓనరమ్మ తన మనవడికి దాచిన రొట్టె తెచ్చి ఈ పిల్లలకి పెట్టిందట. తర్వాత రైలు పట్టుకుని సరిహద్దు దాటి పోలండ్ చేరితే, మన ప్రభుత్వం పంపిన ఆపరేషన్ గంగ విమానంలో వచ్చింది. ఆ ఓనరమ్మ ఇప్పుడు ఎక్కడుందో తెలియదు. ఐక్యరాజ్యసమితిలో ఆ మార్చి 2న 141 దేశాలు రష్యా వెనక్కి వెళ్లాలని ఓటేస్తే మనం ఓటు వేయకుండా కూర్చున్నాం. మన అవసరాలు నాకు అర్థమవుతాయి, మన పేదలకి చవక ఆయిల్ కావాలి. కానీ ఉప్పుటేరు గారు చెప్పినట్టు ఆ చవక పేదవాడిదాకా రానప్పుడు, మనం దేనికోసం మాట్లాడకుండా ఉన్నట్టు?

విశాఖ_మాస్టారు

అమ్మా, ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. 2019లో ఇదే అమెరికా చెప్పిందని ఇరాన్ ఆయిల్ మానేశాం, అప్పుడు మనం ఎవరిని కాపాడామో కూడా నాకు తెలియదు. మీ చెల్లెలు క్షేమంగా వచ్చినందుకు సంతోషం. ఆ తల్లి కూడా బాగుండాలి.

ఉప్పుటేరు

అందరి జవాబులూ నాన్నకి చదివి వినిపించాను. ఖార్కివ్ అక్క రాసింది రెండోసారి చదవమన్నారు. విని చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత, మనకి పోయింది డబ్బేరా అన్నారు.

కానీ నా మాట నేను మార్చుకోవడం లేదు. ఆయిల్ కొనాలా వద్దా అన్నది దేశం తేల్చుకోనీ. కొంటే మాత్రం ఆ నిర్ణయం ఖరీదు దేశమంతా కట్టాలి, సుంకం ఉన్నంత కాలం కరెంటు యూనిట్‌లోనో, మేతలోనో, అప్పు వాయిదాలోనో. సరిహద్దులో సైనికుడి జీతం ఆ ఊరి వాళ్లే ఇవ్వాలని ఎవరూ అనరు కదా, ఇదీ అంతే అనిపిస్తోంది నాకు.

ప్లాంట్_షిఫ్ట్ అన్నా, ఒక సాయం. వచ్చే పంటకి లీజు చెరువులు వదిలేద్దామా, లేక 30 కౌంటుదాకా (కిలోకి 30 తూగే పెద్ద రొయ్య) పెంచకుండా చిన్నగా ఉన్నప్పుడే 80, 100కే పట్టేద్దామా అని నాన్న ఆలోచిస్తున్నారు. జూలైలో బ్రిటన్‌తో ఒప్పందం అయింది, రొయ్య మీద సుంకం పోతుందంటున్నారు. అది అమల్లోకి వచ్చేదాకా ఆగాలి, సరే. మీ ప్లాంటుకి యూరప్ నుంచి గానీ చైనా నుంచి గానీ ఇప్పుడు ఏ కౌంటుకి అడుగుతున్నారు? సీడ్‌కి, అంటే రొయ్య పిల్లలకి, అడ్వాన్సు ఆదివారంలోపు చెప్పాలి.