ట్వెంటీ వన్ క్విజ్ మోసం: చార్లెస్ వాన్ డోరెన్ అసలు దొంగా, దొరికిపోయిన దొంగ మాత్రమేనా?

పాతటీవీ_ప్రసాద్
ఇక్కడ అమెరికాలో 80 దాటిన పెద్దాళ్ళ దగ్గర ఈ పేరెత్తితే చాలు, ఇప్పటికీ రెండు పార్టీలైపోతారు. తెలియనివాళ్ళకి టూకీగా చెప్తా. 1956 సెప్టెంబర్‌లో ఎన్‌బీసీ టీవీ ఛానెల్‌లో ట్వెంటీ వన్ అని క్విజ్ షో మొదలైంది. చెరో అద్దాల బూత్‌లో ఇద్దరు పోటీదార్లు, చెవులకి హెడ్‌ఫోన్లు, ఒకళ్ళ స్కోరు ఇంకొకళ్ళకి తెలీదు, 21 పాయింట్లు చేరాలి. మొదటి ఎపిసోడ్ నిజాయితీగానే ఆడించారు, పాపం వాళ్ళకి సమాధానాలు రాక షో చప్పగా చచ్చింది, జెరిటాల్ టానిక్ అమ్మే స్పాన్సర్ మర్నాడు ఫోన్ చేసి నిర్మాత డాన్ ఎన్‌రైట్‌ని దులిపేశాడు. ఇంక అక్కణ్ణుంచి ఎవరు గెలవాలో, ఎవరు ఏ ప్రశ్న దగ్గర తడబడాలో అన్నీ ముందే రాసిపెట్టుకోవడమే. వాన్ డోరెన్ కొలంబియా యూనివర్సిటీలో ఇంగ్లీష్ చెప్పే కుర్ర లెక్చరర్, తండ్రి మార్క్ వాన్ డోరెన్ పులిట్జర్ బహుమతి వచ్చిన కవి. ఇతను వారాల తరబడి గెలిచి 1,29,000 డాలర్లు కొట్టి టైమ్ పత్రిక కవర్ మీదకెక్కాడు, తర్వాత అంతా బయటపడింది.

నా వాదన ఏంటంటే, తిట్లన్నీ ఈయనే తిన్నాడు, ఆట నడిపించినవాళ్ళు తప్పించుకున్నారు. ఒప్పుకుంటారా?

లీగల్_లక్ష్మి
సగం ఒప్పుకుంటా ప్రసాద్ గారూ. 1956లో టీవీ క్విజ్ ముందే ఫిక్స్ చెయ్యడం నేరం అని చట్టమే లేదు, ఆ చట్టం 1960లో వచ్చింది, అదీ ఈ గొడవ వల్లే. కాబట్టి షోలో చేసిన పనికి ఎవర్నీ జైల్లో పెట్టలేరు. కానీ మీవాడు మన్‌హాటన్ గ్రాండ్ జ్యూరీ (కేసు పెట్టాలో లేదో తేల్చే పౌరుల బృందం) ముందు ప్రమాణం చేసి మరీ నాకెవరూ సమాధానాలు ఇవ్వలేదన్నాడు చూడండి, అక్కడుంది నేరం. 1962లో తప్పుడు సాక్ష్యం కింద ఒప్పుకున్నాడు, శిక్ష మాత్రం అమలు చెయ్యకుండా వదిలేశారు.

పాతటీవీ_ప్రసాద్
మేడమ్, ఆ గ్రాండ్ జ్యూరీ ముందుకి సుమారు 150 మంది వచ్చారు, అందులో వంద మంది దాకా అబద్ధమే చెప్పుంటారని అక్కడి ప్రభుత్వ ప్రాసిక్యూటర్, డిస్ట్రిక్ట్ అటార్నీ ఫ్రాంక్ హోగనే అన్నాడు. మరి ఆ మిగతావాళ్ళ పేర్లు ఎవరికైనా గుర్తున్నాయా?

క్వీన్స్_కుర్రోడు
మీరందరూ వాన్ డోరెన్ వాన్ డోరెన్ అని జపం చేస్తున్నారు గానీ హెర్బ్ స్టెంపెల్ గురించి ఒక్కళ్ళూ మాట్లాడరేం బ్రో? ఆయన కూడా ఆ షో పోటీదారే, న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో ఉండే మామూలు మనిషి, సైన్యంలో పనిచేసొచ్చి సిటీ కాలేజీలో చదువుకుంటున్నాడు, నిజంగా బుర్రున్నోడు. ఎన్‌రైట్ ఆయనకి వదులు సూట్ వేయించి, చవకబారు క్రాఫ్ కొట్టించి, చెమట ఎలా అద్దుకోవాలో కూడా నేర్పి పేద విద్యార్థి వేషం కట్టించాడు. జనానికి ఆ మొహం మీద మోజు తీరాక నువ్వింక వాన్ డోరెన్ చేతిలో ఓడిపో అన్నారు. ఏ ప్రశ్న మీదో తెలుసా, 1955కి ఉత్తమ చిత్రం ఆస్కార్ దేనికొచ్చింది అని! జవాబు మార్టీ, ఆయనకి ప్రాణం లాంటి సినిమా, మళ్ళీ మళ్ళీ చూసినోడు. టీవీలో దేశం మొత్తం ముందు ఆన్ ద వాటర్‌ఫ్రంట్ అని తప్పు చెప్పాల్సొచ్చింది. డబ్బు పోయినదానికంటే అదే ఎక్కువ మండిందాయనకి. తర్వాత టీవీలో ఉద్యోగం ఇప్పిస్తానన్నారు, అదీ లేదు. పత్రికల దగ్గరికి పోయి చెప్తే ఆధారమేది అన్నారు, కవిగారబ్బాయి మీద క్వీన్స్ వాడి మాట ఎవడు నమ్ముతాడు.

రిటైర్డ్_మాస్టారు
బాబూ, స్టెంపెల్ మీద జాలి నాకూ ఉంది. అయితే ఆయన కూడా సమాధానాలు తీసుకుని సుమారు 49,000 డాలర్లు గెలిచినవాడే కదా, తన వంతు అయిపోయాకే నిజం గుర్తొచ్చింది. నాకు ఈ మొత్తం కథలో గౌరవం ఉన్నది జేమ్స్ స్నాడ్‌గ్రాస్ మీద. చిత్రకారుడు, అదే షోలో పోటీదారు. తనకిచ్చిన ప్రశ్నలూ జవాబులూ ఎపిసోడ్‌కి ముందే కాగితం మీద రాసి, కవర్లో పెట్టి, తనకి తనే రిజిస్టర్డ్ పోస్ట్ చేసుకున్నాడు, విప్పకుండా దాచాడు. 1959లో అమెరికా కాంగ్రెస్ (వాళ్ళ పార్లమెంటు) కమిటీ ముందు ఆ కవర్ విప్పితే అన్నీ బయటపడ్డాయి. పోస్టాఫీసు ముద్ర మీద తేదీని ఎవడు కాదంటాడు! ఆ ఉపాయం తల్చుకుంటే ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

ఇక వాన్ డోరెన్ సంగతి. నేను ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణి, అతన్ని క్షమించలేను. టీవీ వాళ్ళకి వ్యాపారం, టానిక్ వాడికి అమ్మకాలు, వాళ్ళ నుంచి నీతి ఎవరు ఆశించారు? ఇతను మాస్టారు. నీ గెలుపు వల్ల జనానికి చదువు మీద గౌరవం పెరుగుతుంది అని వాళ్ళు నచ్చజెప్తే తల ఊపాడు. చదువుకి మేలు చెయ్యడానికి కాపీ కొట్టడమేంటయ్యా?

జర్సీ_అత్తయ్య
మాస్టారూ మీ కోపం బావుంది గానీ ఆ పిల్లాడు పొందినదీ పోగొట్టుకున్నదీ కూడా చూడండి. ఎన్‌బీసీ వాళ్ళు ఏడాదికి 50,000 డాలర్లిచ్చి ఉద్యోగంలో పెట్టుకున్నారు, టుడే షోలో పొద్దున్నే కవిత్వం గురించి చెప్పేవాడు. 1959 నవంబర్ 2న కమిటీ ముందు నేను మోసంలో లోతుగా పాలు పంచుకున్నాను అని ఒప్పుకున్నాడో లేదో ఎన్‌బీసీ తీసేసింది, కొలంబియాలో పోస్టూ పోయింది. తర్వాత బ్రిటానికా ఎన్‌సైక్లోపీడియాలో ఎడిటర్‌గా తలదించుకుని బతికాడు. ఈ గొడవ మీద రాబర్ట్ రెడ్‌ఫోర్డ్ తీసిన 1994 సినిమాకి సలహాదారుగా ఉండమని లక్ష డాలర్లిస్తామంటే వద్దన్నాడు. 2008 దాకా ఆ విషయం మీద నోరు విప్పి రాయలేదు. అదే జాక్ బ్యారీ, ఆ షో యాంకర్, 1972లో ద జోకర్స్ వైల్డ్ అని ఇంకో గేమ్ షోతో దర్జాగా తిరిగొచ్చాడు, తర్వాత ఎన్‌రైట్ కూడా వచ్చి చేరాడు. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అంటారు కదా, వీళ్ళు దొరికి కూడా దొరలే అయ్యారు.

కొత్తగా_చేరా
ఒక డౌట్ అండీ, అప్పట్లో అన్ని క్విజ్‌లూ ఇంతేనా?

రిటైర్డ్_మాస్టారు
చాలావరకు గోల్‌మాలే. 1958 ఆగస్టులో డాటో అనే షో ఆగిపోయింది ముందు, ఒక పోటీదారు నోట్‌బుక్‌లో జవాబులు రాసి ఉండటం స్టాండ్‌బైలో ఉన్న ఇంకో పోటీదారు కంట పడింది, అక్కణ్ణుంచి తీగ లాగితే డొంకంతా కదిలింది. కానీ సైకాలజిస్ట్ జాయిస్ బ్రదర్స్ కథ వేరు. 64,000 డాలర్ల ప్రశ్న షోలో ఆవిడ సబ్జెక్ట్ బాక్సింగ్! స్పాన్సర్ రెవ్లాన్ వాళ్ళకి ఆవిడ గెలవడం ఇష్టం లేక కష్టమైన ప్రశ్నలు ఇప్పించారు, ఆవిడ పుస్తకాలు బట్టీపట్టి అన్నీ చెప్పేసింది. అంటే నిజంగా చదివితే గెలవొచ్చు కూడా.

క్వీన్స్_కుర్రోడు
చూశారా, అక్కడా రింగ్ తిప్పేది స్పాన్సరే. అప్పట్లో షో మీద పెత్తనం ఛానెల్‌ది కాదు, సబ్బులోళ్ళు టానిక్‌లోళ్ళది. ఈ గొడవ తర్వాతే నెట్‌వర్క్‌లు పెత్తనం తమ చేతుల్లోకి తీసుకున్నాయి. పెద్ద డబ్బు క్విజ్‌లు అమెరికా ప్రైమ్ టైమ్‌లోకి మళ్ళీ గట్టిగా వచ్చింది 1999లో హూ వాంట్స్ టు బి ఎ మిలియనీర్ షోతోనే, మన కోటీశ్వరుడు షోలకి కూడా అదే ఫార్మాట్ కదా.

లీగల్_లక్ష్మి
అసలు పాయింట్‌కి వద్దాం. ఒప్పుకున్న రోజు కమిటీ సభ్యులు కొందరు వాన్ డోరెన్‌ని మెచ్చుకున్నారు తెలుసా, నిజం చెప్పావు శభాష్ అని. న్యూయార్క్ సభ్యుడు స్టీవెన్ డెరూనియన్ మాత్రం, ఇంత చదువుకున్న మనిషి నిజం చెప్పినందుకు పొగడ్త ఎందుకు అన్నట్టు మాట్లాడాడు. నేను ఆయన పార్టీ.

పాతటీవీ_ప్రసాద్
నేను కాదు మేడమ్. తనకి చెప్పిన పాత్ర వేసినవాణ్ణి బోనులో నిలబెట్టి, కథ రాసినవాడికి మళ్ళీ షో ఇచ్చారు, నాకు మండేది అక్కడ. ఆ టానిక్ కంపెనీ వాళ్ళని ఎవరైనా బోనెక్కించారా చెప్పండి, అప్పుడు మాట్లాడుకుందాం.