గుల్మార్గ్‌లో గైడ్ ఉంటే చాలదా, బీకన్ మనమూ కట్టుకోవాలా?

అలిపిరి మెట్లు: జనవరి చివర్లో ఐదుగురం తిరుపతి నుంచి గుల్మార్గ్ పోతున్నాం. స్నోబోర్డింగ్ సోలాంగ్‌లో నేర్చుకున్నాం. ఈసారి గొండోలాలో (కేబుల్ కారు) అఫర్వత్ కొండ ఎక్కి, చదును చేసిన దారి వదిలేసి పక్కన దిగాలని ప్లాన్. గైడ్‌ను మాట్లాడుకున్నాం. బీకన్ (ఒంటికి కట్టుకునే సిగ్నల్ డబ్బా), ప్రోబ్ (మంచులో గుచ్చి చూసే పొడవాటి కడ్డీ), పార మనిషికొక సెట్ అద్దెకు తీసుకోమంటున్నారు. నిజంగా అవసరమా?

శేషాచలం శీను: అనవసరం తమ్ముడూ. గైడ్ అక్కడే పుట్టి పెరిగిన మనిషి, మంచు చూడగానే చెప్పేస్తాడు. మంచు చరియ విరిగిపడితే ఆ డబ్బా ఆపుతుందా?

చిత్తూరు కమల: ఆపడానికి కాదు శీనన్నా, పూడిపోయినవాళ్ళను వెతకడానికి. బీకన్‌లన్నీ 457 కిలోహెర్ట్జ్ మీదే పనిచేస్తాయి కాబట్టి ఏ కంపెనీదైనా ఇంకోదాన్ని పట్టుకుంటుంది. బీకన్‌తో చోటు కనిపెట్టి, ప్రోబ్‌తో పొడిచి చూసి, పారతో తవ్వాలి. మూడింట్లో ఒకటి లేకపోయినా లాభం లేదు. గైడే పూడిపోతే వెతికేది ఎవరు? మొదటి పది పదిహేను నిమిషాల్లో తీస్తే చాలామంది బతుకుతారు, అరగంట దాటితే ఆశ బాగా తగ్గిపోతుంది. కింద నుంచి రెస్క్యూ వచ్చేదాకా ఆగుతారా?

పులిచెర్ల రాజు: ఫోన్ బీకన్‌కు ఆనించి పెట్టుకోవద్దు, సిగ్నల్ పాడవుతుంది. అంతే చెప్పాలని వచ్చినా.

శేషాచలం శీను: 2023 ఫిబ్రవరిలో అదే అఫర్వత్ మీద ఇద్దరు పోలండ్ వాళ్ళు పోయారు. వాళ్ళకు సామాను లేకనా? 30 డిగ్రీల లోపు వాలు చూసుకుని దిగితే చాలు, ఫోన్‌లో యాప్ ఉంది.

చిత్తూరు కమల: నీ కాళ్ళ కింద 25 ఉండొచ్చు. నెత్తిమీద 38 ఉంటే? 2021లో తిరుమల ఘాట్‌లో బండలు పడినప్పుడు రోడ్డేమన్నా నిటారుగా ఉందా?

శేషాచలం శీను: 38 ఎక్కడిది? చరియలు జారే వాలు 30 నుంచి 45 అని కదా అందరూ రాసేది.

చిత్తూరు కమల: ఆ మధ్యలోనే కదన్నా 38 ఉండేది! అక్కడే ఎక్కువ జారుతుంది.

శేషాచలం శీను: లెక్క మార్చొద్దు.

నగరి సుబ్బు: అబ్బా, ఒక డిగ్రీ కోసం ఇంత రచ్చా!

చిత్తూరు కమల: డిగ్రీ సంగతి కాదు సుబ్బూ. నాగలాపురం ట్రెక్‌లో వాగు నీళ్ళు ఎర్రగా మారాయి, పుల్లలు కొట్టుకొస్తున్నాయి, వెనక్కి పోదామన్నాను. 'గైడే ఏమీ అనలేదు, నీకెందుకు' అన్నది ఈ శీనన్నే. చీకటి పడేదాకా అవతలి గట్టు మీద తడుస్తూ కూర్చున్నాం. తర్వాత వాట్సాప్‌లో నాకు 'టెన్షన్ మేడమ్' అని పేరు పెట్టారు. అది మర్చిపోలేదు.

శేషాచలం శీను: అదా అసలు కోపం! ఆ రోజు ఎవరికీ ఏమీ కాలేదు. లీవు పెట్టి, డబ్బు కట్టి వచ్చినవాళ్ళంతా ఒక్కరి భయానికి వెనక్కి తిరగాలా? నలుగురు సరే అంటే దిగాలి.

చిత్తూరు కమల: ఒక్కరు వద్దన్నా దిగకూడదు. ప్రాణాలు పోయిన చోట చాలాసార్లు మంచును కదిలించింది ఆ గుంపులోని మనిషే. నలుగురి ఓటు మంచుకు తెలుస్తుందా? కాలు పెడితే 'వుమ్' అని కుంగిందంటే లోపల పొర వీగినట్టే. ఆ చప్పుడు గైడ్‌కే వినపడాలని రూల్ ఉందా? చివర్లో వచ్చేవాడికి వినపడితే వాడు నోరు తెరవగలగాలి. నీ గుంపులో తెరుస్తాడా?

శేషాచలం శీను: ఇట్లయితే నీతో ఎవరూ రారు కమలా.

చిత్తూరు కమల: రాకపోతే పాయె.

అలిపిరి మెట్లు: అక్కా, సామాను ఐదుగురికీ తీసుకుంటున్నాం. మొదటి రోజు గైడ్‌తో ఒక బీకన్ మంచులో పాతిపెట్టించి వెతకడం ప్రాక్టీస్ చేస్తాం. మంచు చరియల హెచ్చరికలిచ్చే ప్రభుత్వ సంస్థ డీజీఆర్‌ఈ వాళ్ళ హెచ్చరిక రోజూ పొద్దున్నే చూస్తాం. కానీ 'ఒక్కరు వద్దంటే అందరూ ఆగాలి' అన్న దగ్గర మా ఐదుగురిలోనే గొడవ మొదలైంది. ముగ్గురు శీనన్న వైపు.

శేషాచలం శీను: చూశావా, ముగ్గురు.

చిత్తూరు కమల: ఆ మిగిలిన ఇద్దరినీ టికెట్లు బుక్ కాకముందే అడుగు తమ్ముడూ, ఆ ముగ్గురితో పోతారో లేదో.