టెన్నిస్ రేటింగ్ 4.0కి పెరిగింది, అప్పీలు చేయవచ్చా?

ప్రశ్న (నల్గొండ నుంచి): డల్లాస్‌లో ఉంటున్న మా తమ్ముడు అక్కడి యూఎస్‌టీఏ (అమెరికా టెన్నిస్ సంఘం) లీగులో 3.5 స్థాయిలో ఆడుతున్నాడు. అంకె పెరిగేకొద్దీ ఆట బలమైనదని లెక్క. డిసెంబరులో వచ్చిన సంవత్సరాంత రేటింగులో వాణ్ణి 4.0కి మార్చారు. గెలిచినవాటికంటే ఓడిన మ్యాచ్‌లే ఎక్కువైనా ఇలా ఎందుకయింది? తన 3.5 జట్టుకు దూరమవుతానని చాలా బాధపడుతున్నాడు.

జవాబు (మహబూబ్‌నగర్ నుంచి): అన్నా, అక్కడ లెక్క గెలుపోటములతో ఆగదు, ఎదుటివారి రేటింగును బట్టి రావలసిన స్కోరుతో నిజంగా వచ్చిన స్కోరును పోల్చి చూస్తారు కాబట్టి, బలమైనవారి చేతిలో తక్కువ తేడాతో ఓడినా రేటింగు పెరగవచ్చు. లోపలి లెక్క దశాంశం తర్వాత రెండంకెల దాకా ఉంటుంది, 3.51 నుంచి 4.00 వరకూ 4.0గానే చూపిస్తారు. టెన్నిస్‌లింక్ (యూఎస్‌టీఏ లీగుల వెబ్‌సైట్) ఖాతాలో అప్పీలు పెడితే కంప్యూటరే వెంటనే తేల్చి చెబుతుంది. రేటింగు 3.5, 4.0 స్థాయిలను విడదీసే గీతకు అతి దగ్గరలో ఉంటేనే ఒప్పుకుంటుంది. ప్రయత్నించమనండి, తప్పేమీ లేదు.

ప్రశ్న అడిగినవారు: పోయిన నెల వాడి మోకాలు బెణికింది. ఆ కారణం చూపవచ్చా?

జవాబు (సూర్యాపేట నుంచి): చూపలేరండీ. వైద్య కారణాల అప్పీలు ఆటను శాశ్వతంగా దెబ్బతీసే గాయాలకూ జబ్బులకే వర్తిస్తుంది, దానికి డాక్టరు పత్రాలు కావాలి. మానిపోయే బెణుకు అందులోకి రాదు. మరో మాట: అప్పీలుతో 3.5కి దిగినవారు సీజను మధ్యలో స్థాయిని మించి ఆడినట్టు మూడుసార్లు లెక్క తేలితే అనర్హులవుతారు, దానివల్ల జట్టుకూ నష్టమే. అందుకే ముందుగా కెప్టెన్‌తో మాట్లాడమని చెప్పండి.